రెండో కార్డు మీద మిగిలిన ముఖం

ఈ కథనానికి ఫొటోలు లేవు. కెమెరా పట్టుకుని బతికినవాడు రాసిన యాత్రలో ఒక్క ఫొటో అయినా లేకపోవడం వింతగా తోచవచ్చు. కారణం కథనంలోనే ఉంది. ఇందులో నాగూర్‌బీ అని నేను పిలిచే స్త్రీ అసలు పేరు అది కాదు. ఆమె పనిచేసిన కల్లం గుంటూరుకు ఏ దిక్కున ఉందో కూడా చెప్పను. ఆమెను అడిగించి, ఒప్పుకున్న తరువాతే రాస్తున్నాను. మిగతా వివరాలు జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

కాకినాడలో నాకు ఒక స్టూడియో ఉంది. రసాయనశాస్త్రం చదివి ఈ వృత్తిలోకి వచ్చినవాణ్ణి. డెవలపర్ వేడి ఒక డిగ్రీ మారితే నెగటివ్‌లో ఏం మారుతుందో చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి. తోటివాళ్లందరూ డిజిటల్‌కు వెళ్లిపోయాక కూడా చాలా ఏళ్లు మొండిగా ఫిల్మ్ మీదే ఉన్నాను. చివరికి మా ప్రాంతంలో కలర్ ఫిల్మ్ కడిగే ల్యాబ్ ఒక్కటీ మిగల్లేదు. కడిగించలేని ఫిల్మ్ తీయడంలో అర్థం లేదు గనుక, మొన్నటి చలికాలంలో డిజిటల్ కెమెరా కొన్నాను.

కొనేటప్పుడు ఒక్క విషయం మాత్రం పట్టుబట్టి అడిగాను. కార్డులు పెట్టడానికి రెండు గదులు ఉండాలని. అలాంటి కెమెరాలో ప్రతి ఫొటో ఒకేసారి రెండు కార్డుల మీద పడుతుంది. ఒకటి పాడైనా రెండోది మిగులుతుంది. వేలితో తాకి చూడగలిగే నెగటివ్‌కు అలవాటుపడినవాడికి, కంటికి కనబడని ఫొటో ఎప్పుడు మాయమవుతుందోనన్న భయం అంత తేలిగ్గా పోదు.

కొత్త కెమెరాను పరీక్షించడానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలను ఎంచుకోవడానికి కారణం రంగులే. ఎండలో మిరపకాయ ఎరుపు, ఎండలో పత్తి తెలుపు: ఈ రెండింటినీ వివరం చెడకుండా పట్టుకోగలిగితే మిగతావన్నీ లొంగుతాయని నా లెక్క. కాయ కల్లాలకు వచ్చి, పత్తి చివరి తీతలో ఉన్న రోజులు చూసుకుని బయలుదేరాను.

గుంటూరు ఇడ్లీ

బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ అడిగితే, ఇడ్లీ కనబడకుండా కారప్పొడి చల్లి, పైన నెయ్యి పోసి తెచ్చారు. మా ఊళ్లో కారప్పొడిని పక్కన చిటికెడు పెట్టి ఊరుకుంటారు.

"పొడి కొంచెం తీసేసి తెస్తారా?" అని అడిగాను.

"తీసేస్తే ఏం మిగులుద్దండీ, పిండేగా," అన్నాడు వడ్డించే ఆయన. "గోదావరోళ్లా మీరు?"

ఔనన్నాను.

"అయితే చట్నీలో బెల్లం ముక్కేసి తెమ్మంటారా?"

పక్క బల్ల మీదివాళ్లు నవ్వారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నేనూ నవ్వాను. ధర మాత్రం మా ఊరికంటే తక్కువ.

ఊరు దాటిన దగ్గర నుంచి గాలిలో ఘాటు మొదలైంది. ఆటో నడిపే అతను తుమ్మలేదు. నేను దారి పొడుగునా తుమ్ముతూనే ఉన్నాను. రోడ్డు పక్కన ఆరబోసిన కాయ కనబడగానే ఆపించి తీసిన మొదటి ఫొటోలు తెర మీద చూసుకుంటే, కాయలు లేవు. ఎర్ర రంగు పోసిన నేల ఉంది. నెగటివ్ ఫిల్మ్‌కు వెలుతురు కాస్త ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే నష్టం. అందుకే మాలాంటివాళ్ల చెయ్యి ఎప్పుడూ ఎక్కువవైపే మొగ్గుతుంది. డిజిటల్‌లో ఇది తలకిందులు. ఎరుపు ఒక హద్దు దాటిందంటే కాయ మీది ముడత, మెరుపు, తొడిమ దగ్గరి నీడ అన్నీ కలిసిపోయి ఒకటే మరక అవుతుంది. తిరిగి రప్పించే మార్గం లేదు.

కల్లంలో

ఆటో అతనికి తెలిసిన ఒక కల్లానికి తీసుకెళ్లాడు. టార్పాలిన్ నీడన ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతూ, తొడిమలు తీస్తున్నారు. అందరి ముక్కులకూ నోళ్లకూ గుడ్డలు. కళ్లు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ముఠాకు మేస్త్రి మరియమ్మ. యాభై దాటి ఉంటాయి; గొంతు రోడ్డు అవతలికి వినబడుతుంది.

"ఎవరండీ, పేపరోళ్లా?"

"కాదమ్మా, ఫొటోగ్రాఫర్ని. కాకినాడ. తీసుకోవచ్చా?"

"తీసుకోండి. కాయనా, మమ్మల్నా?"

"రెండూ."

"అయితే కాయ కంటే మేం ఎర్రగా రావాల. లేపోతే ఒప్పుకోం."

గుడ్డలు కిందికి లాగి, కొంగులు సర్దుకుని కూర్చున్నారు. తీసిన ప్రతిసారీ నా బొటనవేలు ఫిల్మ్ తిప్పే మీట కోసం వెనక తడుముకుంటోంది. ఆ మీట ఈ కెమెరాకు లేదు. "ఆ ఏలేంటండీ, గోక్కుంటన్నారు?" అని ఒకామె అడిగింది. తెర వాళ్లవైపు తిప్పి చూపించాను. ముప్పై ఏళ్లకు పైగా మనుషుల్ని తీశాను గానీ, తీసిన మరుక్షణం వాళ్ల ముఖంలో సంతోషం చూడడం అదే మొదలు.

"అమ్మో, నా పళ్లన్నీ కనపడతన్నాయే!"

"ఉన్న నాలుగేగా, కనపడనీ."

మధ్యాహ్నం అన్నాలకు లేచారు. పొద్దుటి నుంచి ఘాటులో కూర్చున్నవాళ్లు, ఎండుచేపల పులుసన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటున్నారు. ఒకామె మాత్రం అందరితో కలవకుండా కుప్ప వెనక, రోడ్డుకు కనబడని చోట కూర్చుంది. పొద్దున ఫొటోలకు గుడ్డ తీయనిది ఆమె ఒక్కతే. ఆ సంగతి నేను అప్పుడే గమనించి ఉండవలసింది. నీళ్లు తాగడానికి గుడ్డ దించి తల ఎత్తింది. ఎండ కుప్ప మీద పడి, ఎర్రబడి, ఆమె గడ్డం కిందికీ మెడ మీదికీ లేచింది. ముఖంలో సగం నీడ. ఫిల్మ్ అయితే ఆ ఎరుపునో, ఆ నీడనో ఏదో ఒకటి వదులుకోవాలి. వెలుతురు తగ్గించి నొక్కాను. అడగలేదు.

చప్పుడుకు ఆమె ఇటు తిరిగింది. "నన్ను తీశారా సార్?"

గర్వంగా తెర చూపించాను. రెండూ వచ్చాయి, ఎరుపూ నీడా. అందులో ఆమె ముఖం ఎంత స్పష్టంగా ఉందంటే, చెంప మీద అంటిన మిరప గింజ కూడా కనబడుతోంది. ఆమె చాలాసేపు చూసింది.

"తీసెయ్యండి సార్."

"చాలా బాగా వచ్చిందమ్మా."

"తీసెయ్యండి."

మరియమ్మ అన్నం చేత్తోనే లేచి వచ్చింది. "నాగూర్‌బీ అండీ ఈమె. ఆళ్లాయన పోయి రెండు నెలలు. ఆళ్లలో మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. మసీదు పెద్దాయన్ని అడిగితే, కడుపు కోసం పగలు ఎల్లి రావొచ్చమ్మా అన్నాడంట. ఈమె బావ ఒప్పుకోడు. తమ్ముడి పెళ్లాం కూలికెళ్తే నా పరువేం గానూ అంటాడు. పెట్టేదీ లేదు, పోనిచ్చేదీ లేదు. ఆయన పొద్దున్నే పరుపుల కొట్టుకి ఎల్లంగనే ఈమె పొలాల గుండా ఇటొస్తది. ఈ గుడ్డ ఉంది గాబట్టి ఎవరన్నదీ తెలీదు. ఆయన చూశాడంటే ఆ ఇంట్లో ఉన్న ఒక్క గదీ ఖాళీ చెయ్యమంటాడు. ఇద్దరు పిల్లలు."

నేను తెర ఆమెవైపు పట్టుకుని చెరిపే మీట నొక్కాను. నిజంగా చెరపాలా అని కెమెరా అడిగింది. మళ్లీ నొక్కాను. ఆమె ముఖం పోయి, దాని ముందు తీసిన మిరప కుప్ప వచ్చింది.

"పోయిందా సార్?"

"పోయిందమ్మా."

ఆమె ఊపిరి వదిలి, తన గిన్నెలోని మజ్జిగ నాకు ఒక గ్లాసులో పోసి ఇచ్చింది. తాగాను.

నేను చెరిపింది మొదటి గదిలోని కార్డు మీద. రెండో గదిలోని కార్డు మీద ఆ ఫొటో అలాగే ఉంది. ఆ సంగతి "పోయిందమ్మా" అన్నప్పుడు నాకు తెలుసు. సాయంత్రం బసకు చేరాక చెరుపుదాం, ఒక్కసారి పెద్దదిగా చేసి చూసి చెరుపుదాం అనుకున్నాను. చూశాను. చెరపలేదు. అది ఈ కెమెరాతో నేను తీసిన మొదటి మంచి ఫొటో.

ఫిల్మ్ రోజుల్లో నన్నెవరూ ఇలా అడగలేదు. రోల్‌లో ఒక్క ఫొటో తీసేయాలంటే మూత తెరిచి రోల్ మొత్తం ఎండకు చూపాలి. అది అందరికీ తెలుసు. అందుకే వద్దనేవాళ్లు ముందే వద్దనేవారు, మేమూ ముందే అడిగేవాళ్లం.

పర్చూరు దారిలో పత్తి

మర్నాడు పర్చూరు వైపు వెళ్లాను. ఒక చేలో చివరి తీత జరుగుతోంది. రైతు వెంకటేశ్వర్లు గారు గట్టు మీద నిలబడి ఈసారి పత్తి రేటు గురించి ఎవరినో ఫోనులో తిడుతున్నారు. తిట్టడం ముగించి నా దగ్గరకు వచ్చారు. తీసింది చూపించాను.

"పత్తేదండీ? తెల్ల గుడ్డ ఆరేసినట్టుంది."

నిజమే. తెలుపుకు కూడా అదే జబ్బు. వెలుతురు బాగా తగ్గించి మళ్లీ తీశాను. ఈసారి దూది పోగులు, పగిలిన కాయ అంచు, ఎండిన ఆకు తునక విడివిడిగా నిలిచాయి.

"ఆఁ, ఇప్పుడు పత్తి," అన్నారాయన. "మరి ఇందాకటిది?"

"చెరిపేస్తాను."

"మంచి సుఖంలెండి. మాకూ ఉంటే బాగుండు, పోయిన పంటని అట్టా చెరిపేసుకోటానికి."

ఆయన టీ తెప్పించారు. తాగుతూ, తెల్లబోయిన పత్తి ఫొటోలన్నీ మొదటి కార్డు నుంచీ, తరువాత రెండో కార్డు నుంచీ జాగ్రత్తగా చెరిపాను. రెండో కార్డులో వాటి వెనకే నాగూర్‌బీ ఉంది. ఆ ఫొటో వచ్చినప్పుడు నా వేలు దాన్ని దాటించింది.

ఒంగోలులో భాస్కరరావు

భాస్కరరావు నా పాత మిత్రుడు. ఒంగోలులో కలర్ ల్యాబ్ నడిపినన్నాళ్లూ, ఈ వైపు వచ్చినప్పుడల్లా నా రోల్స్ అతని దగ్గరే కడిగించేవాణ్ణి. ఇప్పుడు అదే షాపులో ఫ్లెక్సీలు అచ్చు వేస్తున్నాడు. కడిగే యంత్రం ఉన్నచోట నాయకుల ముఖాలు చుట్టలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. పాతరోజుల గుర్తుగా వీధివైపు అద్దాల షోకేసు ఒక్కటి మిగిలింది. ల్యాబ్‌కు వచ్చినవాటిలో నచ్చిన ఫొటోను పెద్దది చేసి అందులో పెట్టడం ఈ వృత్తిలో మర్యాద. తీసినవాడికి చెప్పకుండా పెడతారు. అతను వచ్చి చూసుకుని మురిసిపోవాలి.

"ఏరా, నువ్వు కూడానా?" అన్నాడు నా కెమెరా చూసి. "ఫిల్మ్‌తో పాటే పాడెక్కుతావనుకున్నా."

"ల్యాబులు మూసుకున్నది మీరే కదరా."

"సరే, రోల్ ఇటు పారెయ్."

నవ్వుతూనే రెండో కార్డు తీసి ఇచ్చాను. రోల్ కడిగించాక అన్ని ఫొటోలనూ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేయించుకుని చూసుకోవడం నా అలవాటు. అలాంటి కాగితం ఒకటి వేసి పెట్టమన్నాను. తెర మీద ఎంత చూసినా నాకు చూసినట్టు ఉండదు. రోల్ ల్యాబ్‌వాడి చేతికి ఇచ్చేటప్పుడు అందులో ఏముందో ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు.

కొత్తపట్నం పులుసు

పొద్దున్నే కొత్తపట్నం వెళ్లాను. పడవలు ఒడ్డుకు లాగి, ఇసుక మీదే చేపల పాట జరుగుతోంది. గంపతో నిలబడిన ఒకామె "నన్ను తియ్యి" అని తనే పిలిచింది. తీశాను.

"సూపించు. ఛీ, కళ్లు మూసుకుపోయినై. తీసెయ్యి, ఇంకోటి తియ్యి."

మొదటి కార్డు నుంచి చెరిపాను. పత్తి చేలో అలవాటైన వరుసలో రెండోదానికి మార్చాను. ఆ గదిలో కార్డు లేదని కెమెరా చెప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ కార్డు ఎవరి దగ్గర ఉందో, అందులో ఏముందో.

"ఏందయ్యా, రాయిలాగా నిలబడ్డావు? తియ్యి," అంటోంది ఆమె. ఏదో తీశాను. తిరుగు బండి వచ్చేదాకా పాకలో కూర్చుంటే చేపల పులుసు, అన్నం పెట్టారు. చింతపండు, మిరప్పొడి తప్ప మరో రుచి లేదు. మా వైపు అయితే బెల్లం పడేది.

"మొహం అట్టా పెట్టారేందండీ, కారమా?" అని అడిగింది పాక ఆమె.

"కారం కాదమ్మా," అన్నాను.

ఒంగోలులో షాపు మలుపు తిరగగానే షోకేసులో నాగూర్‌బీ కనబడింది. తలుపంత పెద్దగా. గడ్డం కింద ఎరుపు, చెంప మీద మిరప గింజ. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఇంత రాసినవాణ్ణి ఇది కూడా రాయాలి: మొట్టమొదట నాకు కలిగింది సంతోషం.

భాస్కరరావు చేతులు చాచి ఎదురొచ్చాడు. "ఏం తీశావురా! స్టేటస్‌లో కూడా పెట్టా. గుంటూరు కల్లంలో మా వాడి పనితనం అని. పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు."

"తీసెయ్."

"ఏందిరా?"

చెప్పాను. అతను వెళ్లి షోకేసు తెరిచి, బొమ్మను దించి చింపాడు. ఫోన్ తీసి స్టేటస్ చెరిపాడు. నేను వేయమన్న కాగితాన్నీ చింపి, కంప్యూటర్లోకి ఎక్కించుకున్నవన్నీ, కార్డు మీది ఆమె ఫొటోనూ నా ఎదుటే చెరిపి, కార్డు తిరిగి ఇచ్చాడు.

"నీ స్టేటస్ ఎవరెవరు చూస్తారు?"

"ఫ్లెక్సీలు కొట్టించుకునే వాళ్లంతా. కాయ కొట్లోళ్లు, పత్తి మిల్లులోళ్లు..." ఆగాడు. "పరుపుల కొట్లోళ్లు కూడా ఉన్నార్రా. వాళ్లలో ఎవరు ఎవరికి పంపారో నాకెట్టా తెలుసుద్ది?" చింపిన ముక్కలు ఏరుతూ, "ముందే ఒక మాట చెప్పొద్దూ?" అన్నాడు.

మళ్లీ కల్లం

సింగరాయకొండ చూడాలన్న ఆలోచన మానుకుని మర్నాడే వెనక్కు వచ్చాను. కల్లంలో నన్ను చూసి మరియమ్మ గుడ్డ కిందికి లాగి నవ్వింది. "మళ్లీ వచ్చారే! కాయ మీద మనసైందా, మా మీదా?"

నాగూర్‌బీ ఉంది. ఆమె ముందు కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు పోయిందని చెప్పాను. పోలేదు."

"నా కళ్ల ముందే తీశారుగా సార్."

"ఈ కెమెరాలో రెండు కార్డులుంటాయి. ఒకదాంట్లోంచి తీశాను. రెండోదాంట్లో ఉంచుకున్నాను."

"తెలీక ఉంచారా?"

"తెలిసే."

ఆమె చేతులు కాయల మీద ఆగిపోయాయి. "ఎందుకు సార్?"

"బాగా వచ్చింది," అన్నాను. ఆ కుప్పల మధ్య చెప్పగలిగిన కారణం నా దగ్గర అదొక్కటే ఉంది.

"బాగా వచ్చిందంట!" అని మరియమ్మ పక్కకు ఉమ్మింది.

ఒంగోలులో జరిగింది దాచకుండా చెప్పాను. ఇప్పుడు ఎక్కడా లేకుండా చెరిపామని కూడా చెప్పాను. చెబుతుంటేనే తెలుస్తోంది, "ఎక్కడా" అనడానికి నాకు హక్కు లేదని.

"మా బావ చూశాడా?"

"తెలియదమ్మా."

చూశాడంటే దానికి తగ్గట్టు ఏదో ఆలోచించుకునేది. చూడలేదంటే నిశ్చింతగా ఉండేది. నేను ఆమెకు తెచ్చింది ఆ రెండూ కాదు.

"రేపట్నుంచి రాను మరియక్కా."

"గడువు తీరేటప్పటికి ఇక్కడ కాయే ఉండదే. కల్లాలన్నీ కోల్డ్ స్టోరేజీలకు ఎత్తేస్తారు. ఏడాది కూలి పోద్ది, పిల్లలకేం పెడతావు?"

"గదన్నా ఉంటది గదక్కా."

నాగూర్‌బీ గుడ్డ ముక్కు మీదికి లాగి, ముందుకంటే బిగించి కట్టుకుంది. లేచి, రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని, ఆ పూట పని ఆ పూట ముగించడానికి తొడిమలు తీయసాగింది.

నేను లేవబోతుంటే మరియమ్మ అంది: "ఆగండి. మావి కూడా తీసెయ్యండి."

"మీరు తీయమన్నవే కదమ్మా."

"అన్నాం. ఇప్పుడు వద్దంటన్నాం."

ఒక్కొక్కటే తీశాను. పళ్లన్నీ కనబడిన ఆమె, కొంగు సర్దుకున్న ఆమె, నా వేలిని వెక్కిరించిన ఆమె. మొదటి కార్డు నుంచి, తరువాత రెండో కార్డు నుంచి. ప్రతిసారీ కెమెరా నిజంగా చెరపాలా అని అడిగింది. ప్రతిసారీ తెర వాళ్లవైపు తిప్పి, వాళ్లకు కనబడేలా పట్టుకున్నాను.

ఎవరూ చూడలేదు. అందరూ తలలు వంచుకుని కాయలు ఏరుకుంటున్నారు.